సమాధానం: ప్లీహం కణాల్లో ఫైబ్రోబ్లాస్ట్‌లు పెరిగిపోతుంటే

చిట్టెలుక ప్లీహం నుంచి తీసిన ఎండోథీలియల్ కణాల్ని (రక్తనాళాల లోపలి పొర కణాలు) మూడో పాసేజ్‌కల్లా, అంటే మూడోసారి కొత్త ప్లేట్లలోకి మార్చేసరికల్లా, ఫైబ్రోబ్లాస్ట్‌లు (సంధాయక కణజాల కణాలు) కమ్మేస్తున్నాయని రాశారు కదండీ, మీడియం (కణాల్ని పెంచే పోషక ద్రవం) మార్చినంత మాత్రాన అది తగ్గదు. లోపం కణాల్ని వేరుచేసే మొదటి సార్టింగ్‌లోనే ఉండి ఉంటుంది.

ఎండోథీలియల్ కణాల ఉపరితలం మీద గుర్తుగా ఉండే ప్రోటీన్ సీడీ31 ఒక్కదాన్నే నమ్మకండి. ప్లీహం నిండా రక్తకణాలే, వాటిలో కొన్నిటి మీదా అది ఉంటుంది. ముందు సీడీ45 (తెల్లరక్తకణాల గుర్తు ప్రోటీన్) ఉన్నవాటిని తీసేసి, తర్వాత సీడీ31ని పట్టుకునే బీడ్లతో (సూక్ష్మ పూసలు) పట్టండి. కాలనీలు పెరిగాక ఐకామ్-2 (ఇంకో ఎండోథీలియల్ గుర్తు ప్రోటీన్) యాంటీబాడీతో ఇంకోసారి వడగట్టండి. ఫైబ్రోబ్లాస్ట్‌లు చాలావరకు వదిలేది అక్కడే. ఆ వడపోతకు ముందు, కణాల్ని ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే ఉపరితల ప్రోటీన్లు తెగిపోతాయి, నేనైతే దాని బదులు మృదువుగా పనిచేసే అక్యుటేజ్ వాడతాను.

ఎండోథీలియల్ కణాల్ని గుర్తించే పరీక్షలో వాడే ఎసిటిలేటెడ్ ఎల్‌డీఎల్ (మార్పు చేసిన కొవ్వు-ప్రోటీన్ రేణువులు) పీల్చుకున్నాయని నిశ్చింతగా ఉండకండి, మాక్రోఫేజ్‌లూ (ఒక రకం రోగనిరోధక కణాలు) పీల్చుకుంటాయి. ప్లేట్లకు జెలటిన్ పూత వేయండి. తొలి పాసేజ్‌లోనే కొన్ని వయల్స్ (చిన్న సీసాలు) కణాల్ని ఫ్రీజ్ చేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది, ఇంకొన్ని ఎలుకల ప్రాణాలూ మిగులుతాయి.