సినిమా ఫైట్లలోకి వెళ్లాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కరాటేలో ప్రత్యర్థితో ఎదురెదురుగా తలపడే కుమితేలో పతకం వచ్చిందని, ఇక సినిమాల్లో ప్రయత్నిస్తానని నీవు వ్రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఫైట్ మాస్టర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, బయలుదేరే ముందు చైనా యుద్ధకళల సినిమా నటుడు జెట్ లీ జీవితాన్ని శ్రద్ధగా తెలుసుకో.

1963లో బీజింగ్‌లో పుట్టిన ఆయన రెండేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, ఎనిమిదేళ్లకు చైనా యుద్ధకళ అయిన వుషు శిక్షణలో చేరాడు. 1974లో చైనా బృందంతో అమెరికా వెళ్లి అధ్యక్షుడు నిక్సన్ ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. జాతీయ ఛాంపియన్‌గా పలుమార్లు నిలిచాక గాని, 1982లో ‘షావొలిన్ టెంపుల్’తో తెరమీదికి రాలేదు.

ఇక్కడ నీవు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆయన పోటీపడిన విభాగంలో ఎదుట ప్రత్యర్థి ఉండడు. ముందే కూర్చిన అడుగులను, దూకులను, కత్తి, కర్ర విన్యాసాలను ఎంత స్పష్టంగా, ఎంత అందంగా చేశారన్నదానికే మార్కులు వేస్తారు. కెమెరాకు కావలసింది సరిగ్గా అదే. కుమితేలో నీ గుద్దు ఎదుటివాడికి కనబడకుండా వెళ్లి రావాలి, సినిమాలో అదే గుద్దు చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి కూడా కనబడాలి. కనుక నీవు విసుగ్గా చేసే కటాను, అంటే కరాటేలో ఒంటరిగా చేసే ఆ కూర్చిన విన్యాసాన్ని, ఇకనుంచి రోజూ శ్రద్ధగా చెయ్యి, జిమ్నాస్టిక్స్ నేర్చుకో, అన్నిటికన్నా ముందు దెబ్బ తగలకుండా పడడం నేర్చుకో. దెబ్బ తిన్నట్టు నమ్మించగలిగినవాడినే ఏ ఫైట్ మాస్టరైనా మళ్లీ పిలుస్తాడు.

డూప్‌ను పెట్టుకోవడం నామోషీ అనుకోకు. 1991లో త్సుయి హార్క్ దర్శకత్వంలోని సినిమాలో చైనా యుద్ధకళల వీరుడు వాంగ్ ఫెయ్ హుంగ్ పాత్ర చేస్తుండగా జెట్ లీ కాలికి గాయమైతే, పతాక పోరాటంలో కొన్ని షాట్లు డూప్‌లే చేశారు. అయినా ఆ పాత్ర ఆయన కీర్తిని పెంచిందే తప్ప తగ్గించలేదు. అంతటి పేరు వచ్చాక కూడా 1998లో తొలి హాలీవుడ్ చిత్రంలో ప్రతినాయకుడిగా నటించడానికి ఆయన వెనుకాడలేదు. నీకు మొదట వచ్చేవి హీరో చేతిలో తన్నులు తినే వేషాలే. వాటిని చిన్నచూపు చూడకు.

తనకు థైరాయిడ్ జబ్బు ఉందని ఆయన 2013లో బహిరంగంగా చెప్పాడు. ఎంత సాధన చేసిన దేహానికైనా అలసట, జబ్బు తప్పవు కనుక డిగ్రీ మధ్యలో వదిలిపెట్టకు, బీమా చేయించుకో, రోప్ షాట్ ఉన్న రోజున కట్లు స్వయంగా పరీక్షించనిదే పైకి ఎక్కకు.

పరీక్షలు ముగియగానే హైదరాబాద్ రా. పడడం నేనే నేర్పిస్తాను, ఆ తరువాతే ఫైట్ మాస్టర్ దగ్గరికి తీసుకువెళతాను.

ఇట్లు,
మీ మామయ్య