ఈసీజీ నార్మల్ అయితే గుండెదడ టెన్షనేనా?

"ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, హాస్పిటల్‌కి వెళ్లేసరికి తగ్గిపోతుంది, ఈసీజీ నార్మల్, టెన్షన్ తగ్గించుకోమంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. చదవగానే నా పాత కోపాలన్నీ లేచొచ్చాయి.

డాక్టర్‌కి "దడ" అని చెప్పి ఊరుకోకండి, అది ఎలా మొదలైందో, ఎలా ఆగిందో చెప్పండి. టెన్షన్‌తో వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ కట్టేసినట్టు ఆగిందంటే అది గుండెలో కరెంటు గొడవే అని నేనైతే గట్టిగా చెప్తాను.

నాకు చెప్పులు వేసుకోడానికి వంగితే చాలు, ఛాతీలో ఒక్కసారి తడబడినట్టయ్యేది, ఆ వెంటనే లెక్కపెట్టడానికి కూడా అందనంత వేగం. మెడ దగ్గర నరాలు ఎగిరెగిరి పడుతుంటే అద్దంలో కనిపించేవి. తగ్గాక మాటిమాటికీ బాత్రూంకి పరుగు. ఇవన్నీ విడమరిచి చెబితే "ఇంట్లో ఏమైనా సమస్యలా అమ్మా?" అనేవారు. ఆడది దడ అంటే చాలు, నిద్రమాత్ర రాసి పంపేయడమే!

ఒక రాత్రి ఎంతకీ ఆగలేదు. ఎమర్జెన్సీలో ఈసీజీ తీస్తే గుండె వేగం నిమిషానికి 190. డ్యూటీ డాక్టర్ కుర్రాడే, కంగారుపడలేదు. ఖాళీ సిరంజి ఇచ్చి లోపలి పిస్టన్ కదిలేంత గట్టిగా ఊదమన్నాడు, ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తాడు. పదిమందిలో దాదాపు నలుగురికి దాంతోనే ఆగిపోతుందట, నాకు ఆగలేదు. అప్పుడు మోచేతి దగ్గర నరంలో అడినోసిన్ అనే మందు ఇచ్చారు, వెనకే సెలైన్ తోసేశారు. "కొన్ని సెకన్లు ఘోరంగా ఉంటుంది, భయపడకండి" అన్నాడు. మొహం భగ్గుమంది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది, అయిపోయింది నా పని అనుకున్నాను. మానిటర్‌లో గీత సాపుగా పోయిందని, తన ప్రాణం కూడా పోయినంత పనైందని తర్వాత మా ఆయన చెప్పాడు. తర్వాత ఒక బీట్, ఇంకోటి, ఆపైన హాయిగా 85. ఆ మందు ప్రభావం రక్తంలో సెకన్లు మాత్రమే ఉంటుంది.

అసలు జరిగేది ఇదీ. కరెంటు గుండెకి కుడివైపు పై గదిలోని ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణాల ముద్దలో పుడుతుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. కింది గదులకు దిగాలంటే మామూలుగా పై గదులకీ కింది గదులకీ మధ్య ఉండే ఏవీ నోడ్ ఒక్కటే దారి. అక్కడ సెకనులో పదో వంతు ఆగుతుంది, ఈలోగా పైగదుల్లోని రక్తం కిందికి దిగుతుంది. ఆ తర్వాత హిస్ బండిల్, పుర్కింజీ తంతువులు అనే తీగల్లాంటి దారుల మీదుగా కింది గదులంతటా పాకుతుంది. నాలాంటివాళ్లకి ఏవీ నోడ్ దగ్గర రెండు దారులుంటాయి, ఒకటి వేగం, ఒకటి నిదానం. సమయం కాని సమయంలో ఒక ఎక్స్‌ట్రా బీట్ పడితే కరెంటు ఒక దారిన దిగి రెండో దారిన పైకెక్కి అక్కడే గిరగిరా తిరుగుతుంది. అడినోసిన్ ఏవీ నోడ్‌ని కాసేపు మూసేస్తుంది, చుట్టు తెగిపోతుంది. చుట్టు తిరగని వేళ తీసిన పది సెకన్ల ఈసీజీలో ఏం కనిపిస్తుంది చెప్పండి? ఏవీ నోడ్‌ని తవారా అనే జపాన్ డాక్టర్ 1906లోనే వర్ణించాడు, మనకి ఇంకా టెన్షనే చెప్తున్నారు.

బంధువులదీ అదే వరస. "ఎన్ని స్టెంట్లు వేశారు?" అంటారు. స్టెంట్ వేసేది రక్తనాళంలో అడ్డు ఉంటే, నాది కరెంటు దారి అని ఎన్నిసార్లు చెప్పినా "కొలెస్ట్రాల్ చూపించుకున్నావా?" అనే అడుగుతారు.

చివరికి అబ్లేషన్ చేయించుకున్నా. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగలు పంపి, ముందు కావాలనే ఆ దడ తెప్పిస్తారు. "ఇదేనా మీకు వచ్చేది?" అని అడిగితే "ఇదే, ఇదే!" అని దాదాపు అరిచాను, ఇన్నేళ్లకి ఒకరు నమ్మారని. తర్వాత ఆ నిదానం దారిని వేడితో కాల్చేశారు. ఈ రకానికి నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఏవీ నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సిన పరిస్థితి వందలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువమందికి రావచ్చు.

మీరు మాత్రం దడ ఉండగానే ఈసీజీ తీయించుకోండి. నెలకోసారి వచ్చేదానికి 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ రాసుకునే చిన్న యంత్రం) పెడితే దండగ, ఈసీజీ తీసే వాచీ ఉంటే అప్పటికప్పుడు నొక్కి ఆ గీత డాక్టర్‌కి చూపించండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా వాచీ పక్కన పడేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. దడ వేగంతో పాటు లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ లేకుండా వణకడం) కావచ్చు, దాంతో పక్షవాతం ముప్పు ఉంటుంది కాబట్టి నా కథతో పోల్చుకుని కూర్చోవద్దు.