కాంతిలో నాదం ఎక్కడిది?

సందేహం: నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా పని గురించి తెలుగులో ఒక వ్యాసం రాసి ‘సేంద్రియ అర్థవాహక పొరల్లో అనునాద రామన్ పరిక్షేపణం – అణు కంపనాలు’ అని పేరు పెట్టాను. మా నాన్నగారు చూసి, “ఎరువులు వెయ్యకుండా పండించారా? బాంబేమైనా పేలిందా?” అని నవ్వారు. కాంతికి నాదం ఏమిటని కూడా అడిగారు. మాటలు మార్చమంటారా?
– ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: మీ నాన్నగారి మూడు ప్రశ్నల్లో రెండు న్యాయమైనవి. మూడోదానికి మాత్రం నేను మీ పక్షమే.

ముందు ఆ మూడోది. అనునాదం అంటే ఒక నాదాన్ని అనుసరించి పుట్టే నాదం. తంబురాలో ఒక తీగ మీటితే, దానితో శ్రుతి కలిసిన తీగ ముట్టుకోకుండానే మోగుతుంది. మీ ప్రయోగంలో జరిగేదీ ఇలాంటిదే. రామన్ పరిక్షేపణం అంటే అణువులకు తగిలి చెదిరిన కాంతిలో కొంత, వాటి కంపనాల వల్ల రంగు మార్చుకోవడం. మామూలుగా దాదాపు కోటి ఫోటాన్లలో, అంటే కాంతి కణాల్లో, ఒక్కటే అలా రంగు మార్చుకుని బయటికొస్తుంది. పదుల నానోమీటర్ల మందం పొరలో ఆ కాస్త కాంతిని పట్టుకోవడం కష్టం. లేజర్ రంగు ఆ అణువు పీల్చుకునే రంగుకు దగ్గరపడితే మాత్రం, ఆ పీల్చుకోవడంతో ముడిపడిన కంపనాల జాడ వేల రెట్లు, ఒక్కోసారి లక్షల రెట్లు పెరుగుతుంది. శ్రుతి కలిసిందన్నమాట! చప్పుడు లేకపోతే మాత్రం ఏం? నువ్వుల నెయ్యి ‘నూనె’ అయింది. ఇవాళ కొబ్బరినూనెలో నువ్వులేవని ఎవరూ అడగరు. దీన్నే అర్థవ్యాకోచం అంటాం. ఇంగ్లీషు ‘రెజొనెన్స్’ కూడా లాటిన్‌లో మోగడం అనే మాట నుంచి వచ్చిందే. కాబట్టి అనునాదాన్ని ఉంచండి. ‘ప్రతిధ్వని’ అని మాత్రం రాయకండి, అది గోడకు కొట్టుకుని తిరిగొచ్చేది.

‘అణు’ దగ్గర మీ నాన్నగారిదే గెలుపు. పాఠ్యపుస్తకాల్లో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. పత్రికల్లో అణుబాంబు, అణువిద్యుత్తు అంటూ ఆ మాట పరమాణు కేంద్రకం దాకా వెళ్లిపోయింది. సమాసంలో ‘అణు’ అనగానే జనానికి అదే తోస్తుంది. సమాసం విడగొట్టి ‘అణువుల కంపనాలు’ అనండి, ఆ గోల తీరిపోతుంది. ‘ప్రకంపనలు’ మాత్రం వద్దు. వాటిని రాజకీయ వార్తలకు వదిలేద్దాం.

‘సేంద్రియ’ కూడా చిక్కే. ఇంద్రియాలతో కూడినది, అంటే జీవసంబంధమైనది అని ఆ మాటకు అర్థం. కొన్ని పదార్థాలు జీవుల్లోనే తయారవుతాయని రసాయన శాస్త్రజ్ఞులు నమ్మిన రోజుల్లో అది సరిపోయేది. 1828లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు వోలర్ ప్రయోగశాలలోనే యూరియా తయారుచేశాక ఆ నమ్మకం సడలిపోయింది. అదే యూరియా ఇవాళ సేంద్రియ వ్యవసాయంలో నిషిద్ధం, చూశారా తమాషా! మీ పొరల్లో ముఖ్యమైనది కార్బన్ కనుక ‘కర్బన’ అనండి. మన కాలేజీ పుస్తకాల్లో కర్బన రసాయనశాస్త్రం ఎటూ ఉంది.

నాన్నగారి కంటపడని తప్పు ఒకటుంది. ‘అర్థవాహక’ అని రాశారు. మీరు చెప్పదలచుకున్నది సెమీకండక్టర్, అంటే విద్యుత్తును అరకొరగా మోసే పదార్థం. ఇక్కడ కావలసింది సగం అనే అర్ధం, ఒత్తు ధ. థ రాస్తే అది అర్థాన్నో డబ్బునో మోసుకెళ్లేది అవుతుంది. బ్యాంకు వాళ్లు సంతోషిస్తారేమో.

పరిక్షేపణం సరైనదే. చుట్టూ చెదరగొట్టడం అని. ఉపసర్గ మారి విక్షేపణం అయితే పట్టకంలో తెల్లని కాంతి రంగులుగా విడిపోవడం అవుతుంది, జాగ్రత్త.

ఇక పేరు: ‘కర్బన అర్ధవాహకాల పలుచని పొరల్లో అనునాద రామన్ పరిక్షేపణం – అణువుల కంపనాలు’. 1928లో కలకత్తాలో కృష్ణన్‌తో కలిసి ఈ ప్రభావాన్ని కనిపెట్టిన రామన్ చిన్నప్పుడు చదువుకున్నది మీ ఊళ్లోనే. వ్యాసం ఆ ముక్కతో మొదలుపెట్టి చూడండి, నాన్నగారు రెండో పేరా దాకా చదువుతారు.