రిటైరయ్యాక నాన్నగారికి 3 గంటలకే మెలకువ: సమాధానం

నాన్నగారు తెల్లవారుజామున 3కే లేచిపోతున్నారని అడిగారు కదా, ఇది నిద్రలేమి కాకపోవచ్చు. ఆయన రాత్రి 8కే పడుకుంటారని మీరే రాశారు. 3కి లేస్తే 7 గంటలు నిద్రపోయినట్టే. ఆ వయసుకి 7, 8 గంటలు చాలు. పైగా మధ్యాహ్నం గంటన్నర కునుకు!

1. కునుకు అరగంట దాటనివ్వకండి. సాయంత్రం అసలు వద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఏమీ తోచకే ఆయన మంచం ఎక్కుతున్నారు. "అప్పుడే పడుకోకండి" అంటే సరిపోదు, ఆ వేళకి మాట్లాడే మనిషి కావాలి. వెలుతురుండగానే పాత కొలీగ్‌తో నడక, 8కి మీ ఫోన్. టీవీ పెడితే కుర్చీలోనే కునికిపాట్లు పడతారు.

3. పడుకునే టైమ్ రెండు మూడు రోజులకోసారి పావుగంట ఆలస్యం చేస్తూ 10కి తీసుకెళ్లండి.

గురకలో ఊపిరి ఆగినట్టున్నా, రోజంతా దిగులుగా ఉంటున్నా డాక్టర్‌కి చూపించండి. నిద్రమాత్రలు సొంతంగా వేయకండి, రాత్రిపూట తూలి పడిపోవచ్చు.