గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్‌కి వాట్సాప్ అడ్మిన్ మీద కేసు నిలుస్తుందా?

అడ్మిన్ అయినంత మాత్రాన నిలవదు. మన చట్టంలో ఒకరి నేరానికి ఇంకొకరిని శిక్షించాలంటే ఆ మాట చట్టంలోనే రాసి ఉండాలి. అడ్మిన్ల గురించి అలాంటి సెక్షన్ ఏదీ లేదు.

బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో ఇదే చెప్పింది. ఆ కేసులో ఒక సభ్యుడు గ్రూపులోని మహిళను అసభ్యంగా దూషించాడు. అడ్మిన్ అతన్ని తీసేయలేదు, క్షమాపణ చెప్పమనీ అడగలేదు. అయినా ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారనడానికి ఆధారం లేదని అడ్మిన్ మీది కేసు కొట్టేశారు. నిజానికి అడ్మిన్ చేతిలో ఉన్నదెంత? మనుషుల్ని చేర్చడం, తీసేయడం, మహా అయితే పోస్టు వచ్చాక డిలీట్ చేయడం. అందరూ రాసే గ్రూపులో ఒక్కో పోస్టునూ రాకముందే వడకట్టే వీలు లేదు. 2022లో కేరళ హైకోర్టు కూడా ఇదే దారిలో వెళ్లింది, అదీ పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద పెట్టిన కేసులో. పరువు నష్టం దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లోనే అడ్మిన్‌ని పత్రికకు కాగితం తయారుచేసేవాడితో పోల్చింది, అంటే పత్రికలోని రాతలకు అతను బాధ్యుడు కానట్టే గ్రూపులోని రాతలకు అడ్మినూ బాధ్యుడు కాడని.

అలాగని పూర్తి ధీమా వద్దు. ఆ పోస్టును మీరే ఫార్వర్డ్ చేసినా, పెట్టమని ఎగదోసినా అది మీ నేరమే. పైగా ఎఫ్ఐఆర్ పడ్డాక హైకోర్టులో కొట్టేయించుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకే అలాంటిది కంటపడగానే స్క్రీన్‌షాట్ తీసుకుని, పోస్టు డిలీట్ చేసి, పెట్టినవాణ్ణి బయటికి పంపండి. పిల్లల అశ్లీల దృశ్యాలైతే మాత్రం స్క్రీన్‌షాట్ కూడా తీయకండి, దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. నేరుగా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో (cybercrime.gov.in) ఫిర్యాదు చేయండి.