గ్రాఫిక్స్ కార్డు సరే, జీతం ఆగితే ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వయసు 27. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 28,000 చేతికొస్తుంది. ఇంట్లో అమ్మ, నేను. ఇంటి ఖర్చు 17,000, బైకు కిస్తీ 3,400. బ్యాంకులో 22,000 ఉంది. ఇప్పుడున్న కంప్యూటర్ ఐ5-10400 ప్రాసెసర్, హెచ్410 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్. వాలరెంట్ ఆడుతుంటే అప్పుడప్పుడు, జీటీఏ 5లో అయితే తరచూ ఆగి ఆగి నడుస్తోంది. శ్రీకాకుళంలో రెండు కొటేషన్లు తీసుకున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డుతో 96,000. రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీతో 78,000. క్రెడిట్ కార్డు మీద 18 నెలల ఈఎంఐ పెట్టి, లిమిట్ చాలనిది లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?

జవాబు: ఈ రెండింటిలో ఏదీ అప్పు చేసి కొనొద్దు. మీ పొరపాటు చాలామంది కుర్రాళ్లు చేస్తున్నదే, అందుకే ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. నెలనెలా కిస్తీ కట్టగలమా అని లెక్క వేస్తారు కానీ, రెండు నెలలు జీతం రాకపోతే దేనితో కడతామని వేసుకోరు.

మీ లెక్కే చూద్దాం. ఖర్చులు, బైకు కిస్తీ పోగా మిగిలేది 7,600. మొత్తం 96,000 కార్డు మీదే దొరికి, వడ్డీ 16 శాతమే పడిందనుకున్నా నెలకు 6,034 కట్టాలి. 18 నెలల్లో వడ్డీ 12,600 దాటుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 2,270. ఆ జీఎస్టీని పక్కన పెట్టినా చేతిలో నెలకు మిగిలేది 1,566. అమ్మగారిని హఠాత్తుగా బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికో విశాఖకో తీసుకెళ్లాల్సి వస్తే బండి కిరాయికే అది చాలదు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని షాపులో చెప్పినా నమ్మకండి. సున్నా వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే తేల్చి చెప్పింది. నగదుకు ఇచ్చే తగ్గింపు మీకు రాదు, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ మాత్రం మీ మీద పడతాయి. ఒక్క కిస్తీ తప్పితే కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే. ఇక లోన్ యాప్ మాట మళ్లీ ఎత్తకండి. ఆడుకునే వస్తువు కోసం అలాంటి అప్పు చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మీకు ముందు కావలసింది అత్యవసర నిధి. ఖర్చు, కిస్తీ కలిపి నెలకు 20,400. ఆరు నెలలకు 1,22,400. మీ దగ్గరున్నది నెల రోజులకు సరిపోయేంత. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీరు చూసే ఉంటారు. అలాంటప్పుడు కరెంటు, దారులు, దుకాణాలు, జీతాలు అన్నీ ఒకేసారి ఆగుతాయి. ప్రైవేటు ఉద్యోగికి ఆ నెలలు గడిపేది ఈ డబ్బే. మిగిలే 7,600లో 5,600 దీనికి వేయండి. సరిగ్గా 18 నెలల్లో నిండుతుంది, ఈఎంఐ గడువూ అంతే. సగం సేవింగ్స్ ఖాతాలో, సగం ఎప్పుడైనా తీసుకోగల ఎఫ్‌డీలో ఉంచండి. ప్రభుత్వ పథకాలైన ఏటా 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) ఇవాళే తీసుకోండి. అమ్మగారు మీ మీదే ఆధారపడ్డారు కాబట్టి టర్మ్ పాలసీ కూడా. షేర్లు, ఫండ్లు నిధి నిండాకే.

మిగిలిన 2,000 కంప్యూటర్‌కు. అసలు మీ ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డు వల్లేనని నాకనిపించడం లేదు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే (బొమ్మలే) చూపిస్తుంది. వాలరెంట్‌లో 1050 టీఐ అంతకంటే ఎక్కువే ఇస్తుంది, జీటీఏ 5లోనూ మధ్యస్థ సెట్టింగుల్లో దగ్గరగా వస్తుంది. ఆగి ఆగి నడుస్తోందంటే 8 జీబీ ర్యామ్ నిండి విండోస్ హార్డ్ డిస్క్‌ను వాడుకుంటున్నట్టు. వెనక బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచి ఉంటే మరీ త్వరగా నిండుతుంది. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం దాటి డిస్క్ 100 చూపిస్తే కారణం అదే. ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ వేయండి. రెండు స్టిక్కులైతే డ్యూయల్ ఛానల్ వస్తుంది, ప్రాసెసర్‌కు డేటా అందే దారి రెట్టింపవుతుంది. తర్వాత హార్డ్ డిస్క్ కంటే ఎంతో వేగమైన ఎస్‌ఎస్‌డీ. బోర్డులో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బిగించే చోటు) ఉంటే అందులో, లేకపోతే సాటా కేబుల్‌తో పెట్టేది. విండోస్, ఆటలు రెండూ దాని మీదికి మార్చండి.

ఆ తర్వాత కూడా చాలదనిపిస్తే సెట్టింగులు బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే కార్డు చాలడం లేదు. పెరగకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగుతోంది, కార్డు మార్చినా ఉపయోగం లేదు. మార్చాల్సి వస్తే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ సరిపోతుంది. 70 వాట్లే తీసుకుంటుంది, చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె)తోనే నడుస్తుంది. ఆర్‌ఎక్స్ 6600 ఇంకా బలమైనది, కానీ 132 వాట్లు, 8 పిన్ కేబుల్ కావాలి. లోకల్ ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే దాన్నీ మార్చాలి.

మీ కొటేషన్‌లోని 5060 టీఐ 180 వాట్లది. మీ ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది ఇచ్చేది సుమారు 360 వాట్లే. ప్రాసెసర్, మానిటర్ కలిస్తే అంచుకొచ్చేస్తుంది, ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూత పెట్టి ఆగిపోతుంది. దానికి 1 కేవీఏ (1,000 వీఏ) యూపీఎస్ కావాలి, ఆ ఖర్చు కొటేషన్‌లో లేదు. పాత బోర్డులోనే 5060 8 జీబీ వేద్దామని ఎవరైనా చెబితే వినకండి. అది 8 లేన్ల (డేటా దారుల) మీదే నడుస్తుంది, హెచ్410లో కార్డుకు, బోర్డుకు మధ్య దారి పాత తరం పీసీఐఈ 3.0 మాత్రమే, కార్డు మెమరీ నిండగానే వేగం పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు అయితే క్రిప్టో మైనింగ్‌లో (రాత్రింబవళ్లు నడిపి బిట్‌కాయిన్ లాంటివి సంపాదించే పనిలో) వాడినది కాదని తేలాకే డబ్బివ్వండి. కొత్తదైతే సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి, అది లేకుండా వారంటీ అడగడం కష్టం. బిగించాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే పెట్టండి.