ఊచకోతలో ఊచ ఏది?

సందేహం: క్రికెట్ చూస్తూ మావాడు “బౌలర్లను ఊచకోత కోసేస్తున్నాడు” అని కేకలు పెట్టాడు. జలియన్‌వాలాబాగ్ పాఠంలో చదివిన మాట ఆటకి వాడొచ్చా? ఇందులో ఊచ అంటే కిటికీ ఊచేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: కిటికీ ఊచ కాదండీ, చేలో ఊచ. జొన్న, సజ్జ లాంటి పైర్ల కంకికి ఆ పేరుంది. లేత కంకులు కాల్చి నలిపిన గింజల్ని ఊచబియ్యం అంటారు. ఈ కంకినే మన వైపు వెన్ను అంటాం. చోడి (రాగి) చేను కోసేటప్పుడు చూడండి: ఎడమ చేత్తో వెన్నులు గుప్పిట పట్టి, కొడవలితో తలలు మాత్రం కోసుకుపోతారు. గడ్డి తర్వాత. కొడవలి నడిచిన చోట ఒక్క తలా మిగలదు.

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జనం అలాగే రాలారు. బయటికి పోయే దారిలో సైనికుల్ని నిలబెట్టి, హెచ్చరిక లేకుండా, సుమారు పది నిమిషాల్లో 1,650 తూటాలు పేల్చారు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు 379 మంది. తప్పించుకోలేని జనాన్ని పిల్లా పెద్దా చూడకుండా చంపితేనే ఊచకోత. ఒక్కరిని చంపితే హత్య. ఒక జాతినే లేకుండా చేయబోతే జాతిహననం.

ఇక మీవాడి మాట. తప్పు కాదు. ఈ మాట పుట్టిందే పోలికగా. చేలోంచి నెత్తుటి నేలకి వెళ్లింది, అక్కణ్ణుంచి ఆటలోకి వచ్చింది. 2005 ఏప్రిల్ 5న మన విశాఖలోనే ధోనీ పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టాడు. అలాంటి ఇన్నింగ్స్‌కి ఆ మాట అతుకుతుంది. అయినా నేనైతే “చితక్కొట్టాడు”, “ఉతికి ఆరేశాడు” అంటాను. దెబ్బ తిన్న బౌలరు మర్నాడు మళ్లీ బంతి పట్టుకుంటాడు కదా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మన ఊళ్లో చెట్లు కూలాయి. దాన్ని ఊచకోత అనను, గాలి పనిగట్టుకుని నరకదు. రోడ్డు వెడల్పుకని మనుషులే వరసపెట్టి రంపం వేస్తే మాత్రం, అది చెట్ల ఊచకోతే. అక్కడ మొహమాటపడకుండా వాడండి.

ఒక్క జాగ్రత్త. “ఊచకోత చేశారు” అని ఈమధ్య తరచు కనిపిస్తోంది, చెవికి గుచ్చుకుంటోంది. వరికోత కోస్తాం గాని చేస్తామా? “ఊచకోత కోశారు” అనే రాయండి, “ఊచకోత”ను రెండు ముక్కలుగా విడదీయకుండా.